మంచం మీద కండక్టరమ్మ

ఆ రూట్లో రోజూ తిరిగేవాళ్ళకు కండక్టరమ్మ అసలు పేరు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ పడలేదు. బస్సు కదలాలంటే ఆమె "రైట్ రైట్" అనాలి. ఆ అనడం కూడా అలా ఇలా కాదు, కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్నవాడు ఉలిక్కిపడి పక్కవాడి ఒళ్ళో పడేటట్టు అనేది. అందుకే డిపోలో చిన్నా పెద్దా ఆమెను రైటక్క అనేవారు. డ్రైవరు బాబాయి ఒక్కడే "అమ్మాయ్" అనేవాడు. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. బండికి హారను లేకపోయినా నాకు బెంగలేదు, వెనక అమ్మాయి ఉంటే చాలని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

నోరు పెద్దదే కానీ మనసు వెన్న. ఆడవాళ్ళ సీట్లో కూర్చుని నిద్ర నటించే మగాణ్ణి "ఏం బాబూ, నిద్ర బాగా పట్టిందా? లేచి నిలబడి పడుకో" అని లేపేది. మూట నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చే ముసలమ్మ కనిపిస్తే మాత్రం "ఆగు బాబాయ్, కొంపలేం మునిగిపోవులే" అని బస్సు ఆపించేది. కుదుపుల్లో దేన్నీ పట్టుకోకుండా నిలబడడం ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. కదలని నేల మీద నిలబడితేనే ఏదో వెలితిగా ఉంటుందని నవ్వేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత కండక్టరమ్మ ఆమెకు రెండు ముక్కలు నేర్పింది. తాగి ఎక్కినవాడితో కళ్ళు కలపకు అన్నది మొదటిది. డ్యూటీ ఎక్కేముందు ఒకసారి వెళ్ళిరా, మళ్ళీ డ్యూటీ దిగేదాకా నీళ్ళ జోలికి పోకు అన్నది రెండోది. ఎందుకని అడగాల్సిన పని లేకపోయింది. దారిలో ఏ బస్టాండు చూసినా ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళమైనా ఉండేది, లేదా తలుపైనా ఉండేది కాదు. ఇంజనుకు పోయడానికి మాత్రం ప్రతిచోటా కుళాయి, దాని కింద బకెట్ సిద్ధంగా ఉండేవి. ఇనపబండికి దాహమేస్తుందని తెలిసిన పెద్దలకు, అందులో నిలబడ్డ మనిషికీ ఒక ఒళ్ళుంటుందని ఎందుకు తోచలేదో వాళ్ళనే అడగాలి.

పొద్దున ఎక్కితే సాయంత్రం దిగేదాకా ఆమె గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్ళు తాగేది కాదు. పోనుపోను అది ఒక విద్యలా అబ్బింది. కొత్తగా చేరిన అమ్మాయిలు పొట్ట పట్టుకుని అవస్థ పడుతుంటే "నన్ను చూసి నేర్చుకోండర్రా, నా ఒళ్ళు నా మాట వింటుంది" అని గొప్పలు పోయేది. అప్పుడప్పుడూ మంట పుట్టేది, సెలవురోజున నాలుగు చెంబులు నీళ్ళు తాగితే తగ్గిపోయేది. డిపోలో ఆడవాళ్ళందరికీ అది ఉన్నదే. జలుబు గురించి చెప్పుకున్నంత మామూలుగా చెప్పుకునేవాళ్ళు.

ఆమె మొగుడు అదే డిపోలో గ్యారేజీ మెకానిక్కు. గోళ్ళలోంచి గ్రీజు వదలని మనిషి. మాట పొదుపు. పెళ్ళికి ముందు ఆమె బస్సు ఏ కారణమూ లేకుండా నెలకు రెండుసార్లు గ్యారేజీకి వచ్చేదని, బాగుచేయడానికి గంట పట్టే పని పూటంతా సాగేదని డ్రైవరు బాబాయి ఇప్పటికీ కన్ను గీటి చెబుతాడు. ఆ ఇద్దరికీ కొరత అంటూ ఉంటే ఒక్కటే.

మాట వింటుందని ఆమె గొప్పలు చెప్పుకున్న ఒళ్ళు ఆ ఒక్క విషయంలో వినలేదు. మొదటిసారి కడుపు ఐదో నెలలో పోయింది. నొప్పి లేదు, దెబ్బ తగల్లేదు, ముందు ఒక సూచన లేదు. మాటల్లో ఉండగానే జారిపోయింది. "బస్సు కుదుపులు మరి" అన్నారు అందరూ. రెండోసారి ఆమె మూడో నెల నుంచే సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. అయినా ఐదో నెలలోనే, అలాగే పోయింది. ఈసారి అనడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. దొరకని చోట జనం తలరాత అంటారు, అదీ అన్నారు.

అప్పుడు చూసిన డాక్టరమ్మ మాత్రం విసుక్కోకుండా విడమరిచి చెప్పింది. "నీ తప్పూ లేదు, బస్సు తప్పూ లేదమ్మా. నీ గర్భసంచి మూతి వదులు. బిడ్డ బరువు పెరిగేకొద్దీ అది దానంతటదే తెరుచుకుంటోంది. గోనెసంచి మూతికి తాడు బిగించినట్టు ఈసారి ముందే ఒక కుట్టు వేద్దాం. తొమ్మిదో నెలలో విప్పుదాం." ఆ మాట విన్నరోజు ఆలుమగలిద్దరూ ఆసుపత్రి మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నారు. తప్పు లేదన్న మాట వాళ్ళకు అంతకు ముందు ఎవరూ చెప్పి ఉండలేదు.

మూడోసారి నెల తప్పినప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. నాలుగో నెల వచ్చేలోపు కుట్టు పడింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు గబగబా జాగ్రత్తలు అప్పజెప్పింది. బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు, దిగకూడదు, పడుకునే ఉండాలి, నీళ్ళు బాగా తాగాలి, ఒంటేలు ఆపుకోకూడదు, జ్వరం వచ్చినా ఉమ్మనీరు పోయినా వెంటనే రావాలి. ఆమె బుద్ధిగా తలూపింది. అన్నీ విన్నది కానీ, ఆమె గుండెలో నాటుకున్నది ఒక్కటే: కదలకూడదు.

వాళ్ళు ఉండేది మేడ మీద ఒంటి గది. గదిలో మంచం, ఒక మూల పొయ్యి గట్టు, కిటికీలోంచి బస్సులు వెళ్ళే రోడ్డు. స్నానాలగది, దొడ్డి కింద. మూడు కుటుంబాలకూ అదే. మధ్యలో నిటారు మెట్లు, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాలి. మెట్లు దిగకూడదని ఆసుపత్రిలో అంటే ఇక ఉన్న దారి బెడ్‌పానే. మొగుడు మొదటిరోజే దాన్ని కొనుక్కొచ్చి, పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు, సాయంత్రం రాగానే తనే తీసేవాడు. మొహం చిట్లించలేదు, మాటగా ఎత్తి చూపలేదు. "ఇంజన్లో ఆయిలు తీసేవాడికి ఇదో లెక్కా" అన్నాడు. మధ్యలో పగలంతా ఎవరు చూస్తారన్నదే సమస్య.

అందుకు అత్తగారు వచ్చింది.

అత్తగారు అంటే గయ్యాళి అనుకునేరు. ముప్పై ఏళ్ళు ఒక హాస్టల్లో పిల్లలకు వండి పెట్టిన మనిషి. కూతురి దగ్గర ఉంటున్నదల్లా కబురు అందగానే రెండు చీరలు సంచిలో కుక్కుకుని వచ్చేసింది. వస్తూనే కోడలి తల నిమిరి, "నువ్వు మహారాణిలా పడుకో. నీ మొగుణ్ణి కన్నదాన్ని, వాడి కొడుకును కాపాడలేనా?" అంది. ఇంతమంచి మనిషికి దేవుడు మోకాళ్ళు మాత్రం అరగదీశాడు. ముప్పై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడితే ఎవరికైనా అరుగుతాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. లేచేటప్పుడల్లా "అమ్మో" అని ఒక మూలుగు. ఆ మూలుగును ఆవిడే ఎగతాళి చేసుకునేది. "మా అమ్మ పోయి ఎన్నేళ్ళో అయింది, పాపం పైన కూడా ఆవిణ్ణి ప్రశాంతంగా ఉండనివ్వడం లేదు నేను."

మొదటి రోజుల్లో కండక్టరమ్మ మొహమాటంగానే అయినా పిలిచేది. "అత్తయ్యా..." అనగానే ఆవిడ లేచేది. ఆ తర్వాత జరిగేదంతా కండక్టరమ్మ పడుకుని చెవులతో చూసేది. ఒక్కో మెట్టుకీ ఒక్కో "అమ్మో". కింద దొడ్లో ఎవరైనా ఉంటే, చేతిలో ఆ గిన్నెతో గోడకు ఆనుకుని ఎదురుచూపు. మళ్ళీ పైకి. పైకొచ్చాక తలుపు పట్టుకుని రొప్పడం, రొప్పుతూనే "ఏమే, అన్నం పెట్టనా?" అని అడగడం. అత్త చేత ఈ పని చేయించుకుంటున్నానే అని కోడలికి సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. వందమంది ముందు గొంతెత్తి అరిచే మనిషి ఆ ఒక్క పిలుపుకు గొంతు పెగలక పడుకునేది.

ఒకరోజు మెట్ల మీద దబ్బున చప్పుడైంది. వెనకాలే గిన్నె గణగణమని దొర్లుకుంటూ పోయింది. కండక్టరమ్మ మోచేతుల మీద లేవబోయి, కుట్టు గుర్తొచ్చి ఆగిపోయింది. లేవకూడదు. లేవకపోతే అక్కడ పెద్దావిడ పడిపోయి ఉంది. అలా లేవనూ లేక, పడుకోనూ లేక "అత్తయ్యా! అత్తయ్యా!" అని అరుస్తూ ఉండిపోయింది. కింది వాటా ఆవిడ సాయం పట్టి పైకి తీసుకొచ్చింది. అత్తగారు నవ్వుతూనే వచ్చింది. "ఏం కాలేదే పిచ్చిదానా. చాలా రోజులుగా ఎక్కి తొక్కుతున్నాను కదా, మెట్టు ఇవాళ తిరగబడింది." మాట అలా అన్నది కానీ మోకాలు గుమ్మడికాయంత వాచింది. దాని మీద కాపడం పెట్టుకుంటూ, కోడలు చూడడం లేదనుకుని, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. కోడలు చూసింది.

మర్నాటి నుంచి కండక్టరమ్మ డ్యూటీ ఎక్కింది.

అంటే మరేం లేదు. మొగుడు పొద్దున వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. మధ్యలో పగలంతా బస్సులో ఉన్నట్టే అనుకుంటే సరిపోయింది. ఎనిమిదేళ్ళు నిలబడి ఆపుకున్నదానికి పడుకుని ఆపుకోవడం ఒక లెక్కా? నీళ్ళు తాగితేనే కదా బాధ. అత్తగారు పక్కన పెట్టిన గ్లాసులోంచి పెదాలు తడుపుకుని వదిలేసేది. తన వల్ల ఆ పెద్దావిడ ఇక మెట్లు దిగనక్కర్లేదు, తను మంచం కదలనక్కర్లేదు, కుట్టూ పదిలం, బిడ్డా పదిలం. ఎటు నుంచి చూసినా ఆమెకు అందులో మేలే కనిపించింది. మంచితనంతో చేసిన తప్పు తప్పులా కనిపించదు, వచ్చిన చిక్కంతా అదే.

"ఏమే, పిలవడం లేదు?" అని అత్తగారు ఒకటి రెండుసార్లు అడిగింది.

"రాలేదత్తయ్యా. పడుకుని ఉంటే ఎక్కడొస్తుంది?"

"అంతే అంతే. కదలకపోతే అంత మంచిది. లోపల వాడు కూడా హాయిగా నిద్రపోతాడు" అని ఆవిడ కూరగాయలు ముందేసుకుని కూర్చునేది.

రోజులు బాగానే గడిచాయి, నిజం చెప్పాలంటే ఆ గదిలో అంత సంతోషం అంతకు ముందెప్పుడూ లేదు. ఐదో నెల దాటింది. ఇంతకు ముందు ఇద్దరూ దిగిపోయిన చోటు అది. ఆ నెలంతా ముగ్గురూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నారు. దాటాక కూడా పైకి ఎవరూ అనలేదు, అంటే ఎక్కడ దిష్టి తగులుతుందోనని. ఆ సాయంత్రం మొగుడు మాత్రం ఊరికే నవ్వుతూ గదిలో అటూ ఇటూ తిరిగాడు. బిడ్డ కదలడం మొదలైంది. వాడికి ఆమె పెట్టుకున్న పేరు 'టికెట్ లేనివాడు'. పొట్ట మీద చెయ్యి వేసుకుని మాట్లాడేది. "ఏరా, ఎక్కడికి ఆ తోసుకురావడం? కూర్చో. నీ స్టాపు ఇంకా చాలా దూరం ఉంది. వచ్చినప్పుడు నేనే చెప్తాగా." అత్తగారు పొయ్యి దగ్గర నుంచి, "వాడికీ నోరు నీదే వస్తే ఈ వీధివాళ్ళు ఇళ్ళు ఖాళీ చేసి పోతారు" అనేది. డ్రైవరు బాబాయి ఆ రోడ్డు మీదుగా వెళ్ళినప్పుడల్లా కిటికీ కిందికి రాగానే రెండుసార్లు హారను కొట్టేవాడు. మంచం మీంచే ఆమె "రైట్ రైట్" అనుకునేది.

మంట మొదలైంది. అది ఆమెకు కొత్త కాదు కనుక భయపడలేదు. తర్వాత నడుం నొప్పి. పడుకుని పడుకుని అనుకుంది. మొగుడు రెండుసార్లు అడిగాడు, "మొహం అలా ఉందేం?" అని. "ఎండ చూడక" అంది. ఓర్చుకున్న ఆడదాన్ని భూదేవి అని మెచ్చుకునే లోకం మనది. ఆ మెప్పు కోసం కాకపోయినా, ఓర్చుకోవడం తప్ప ఆమెకు వేరే పద్ధతి తెలియదు. ఒక మధ్యాహ్నం ఒళ్ళంతా గడగడ వణికింది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. పొట్ట రాయిలా గట్టిపడుతూ, మళ్ళీ వదులవుతూ, మళ్ళీ గట్టిపడసాగింది. అత్తగారు నుదుటి మీద చెయ్యి వేసి, చెయ్యి వెనక్కి లాక్కుని, ఆ మోకాళ్ళతోనే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళి కేకలు పెట్టింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, పక్కకు వెళ్ళి, మళ్ళీ వచ్చి మంచం అంచున కూర్చుంది. డాక్టర్లు మంచం అంచున కూర్చున్నారంటే మంచి కబురు కాదని కండక్టరమ్మకు తెలుసు.

"ఒంటేలులో చీము పుట్టి పైకి పాకిందమ్మా. దాంతో నొప్పులు వచ్చేశాయి. మందులిచ్చాం, ఆగడం లేదు. ఇప్పుడు కుట్టు విప్పాలి."

"వద్దండీ."

"ఉంచితే నొప్పులకు గర్భసంచి మూతి చీలిపోతుంది. విషం ఒళ్ళంతా ఎక్కితే నువ్వే దక్కవు."

కండక్టరమ్మ ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టేసుకుంది. "వాడి స్టాపు ఇంకా రాలేదండీ. కొన్నాళ్ళు ఉంచండి. నొప్పి ఎంతొచ్చినా నేను ఆపుకుంటాను. నాకు అలవాటే. ఎంతసేపైనా ఆపుకోగలను, ఎవర్నైనా అడగండి."

"నువ్వు ఆపుకుంటే ఆగేది కాదమ్మా ఇది" అంది డాక్టరమ్మ. చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత చాలా మామూలుగా, అడగాల్సిన ప్రశ్న కనుక అడిగింది. "రోజుకు ఎన్నిసార్లు వెళ్ళేదానివి? నీళ్ళు తాగేదానివా?"

తలవైపు అత్తగారు నిలబడి ఉంది. కండక్టరమ్మ పైకప్పు వంక చూసింది.

"లేదండీ. ఆపుకునేదాన్ని. ఉద్యోగంలో అలా అలవాటైపోయింది."

అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం ఆమె గొంతులోనే ఉండిపోయింది. "చెప్పాం కదమ్మా..." అని డాక్టరమ్మ నిట్టూర్చింది. ఇదొక్కటే కారణమని ఖాయంగా చెప్పలేమని, ఇలాంటివి ఒక్కోసారి అన్నీ సరిగా చేసినా వస్తాయని కూడా అంది. ఆ రెండో మాట అప్పుడు ఎవరికీ చెవికెక్కలేదు.

మగపిల్లాడు. ఆరో నెల నిండలేదు. మూరెడు కూడా లేడు. గాజుపెట్టెలో పెట్టారు. తండ్రిని లోపలికి రానిస్తామనగానే అతను కుళాయి దగ్గరికి పోయి చేతులు తోముకున్నాడు. గోళ్ళ సందులు, వేళ్ళ మడతలు, మోచేతుల దాకా తోముతూనే ఉన్నాడు. బిడ్డకు గ్రీజు అంటకూడదని. నర్సు వచ్చి చాలు రమ్మని భుజం తట్టాల్సి వచ్చింది. పెట్టెకున్న కంతలోంచి ఒక వేలు లోపలికి పెట్టనిచ్చారు. మర్నాడు మధ్యాహ్నం దాటేసరికి పిల్లాడు ఊపిరి తీయడం మానేశాడు.

అతను వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. చేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె అతన్ని పెళ్ళాడిన ఇన్నేళ్ళలో అంత శుభ్రంగా ఆ చేతుల్ని చూడలేదు.

"వేలు పట్టుకున్నాడే" అన్నాడు.

ఇంటికి వచ్చిన తర్వాత ఆమెకు పాలు పడ్డాయి. ముందు రెండుసార్లు పోయినప్పుడూ ఇలా కాలేదు. ఒంటికి తెలియదు కదా పిల్లాడు లేడని. జాకెట్టు తడిసి ముద్దయిపోతుంటే ఆమె తెల్లబోయి చూసుకుంది. అత్తగారు పాత చీర చింపి, రొమ్ముల చుట్టూ బిగించి కడుతూ, ముడి వేయలేక, ఆ ముడి మీదే నుదురు ఆనించి ఏడ్చింది. కోడలు ఏడవలేదు. ఆవిడ వీపు నిమురుతూ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. బస్సు వెళ్ళింది. హారను మోగలేదు. డ్రైవరు బాబాయికి కబురు చేరిందన్నమాట.

పలకరించడానికి జనం వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే ఉండరు, ఎలా జరిగింది, ఎందుకు జరిగింది అని అడుగుతారు. జవాబు అత్తగారే చెప్పేది. "ఆ పాడు ఉద్యోగమండీ. పగలంతా మంచినీళ్ళు కూడా తాగనివ్వరట. ఆపుకుని ఆపుకుని అదే అలవాటైపోయింది పిచ్చిదానికి. డాక్టరమ్మే అంది." ఒకరికి చెప్పింది, ఇద్దరికి చెప్పింది, కింది వాటా ఆవిడకు చెప్పింది, ఫోన్లో కూతురికి చెప్పింది. చెప్పినకొద్దీ మాటకు పదును వచ్చింది. "ఆ బస్సే మింగేసిందండీ నా మనవణ్ణి." మంచం మీద కోడలు గోడవైపు తిరిగి పడుకుని అన్నీ వినేది. తనే కదా చెప్పింది. ఇప్పుడు కాదంటే మరి ఏమిటని అడుగుతారు. ఏమని చెప్పాలి? మీ మోకాళ్ళు చూసి అనాలా?

కొన్నాళ్ళకు మొగుడు కూడా మెల్లగా కదిపాడు. "అమ్మ చెప్పేది కూడా ఆలోచించు. మళ్ళీ ఒకసారి ప్రయత్నించవచ్చని డాక్టరమ్మ అంది కదా. ఉద్యోగం మానేస్తే..."

ఆమె లేచి కూర్చుంది. బిడ్డ పోయాడు. ఇప్పుడు నిలబడే చోటు కూడా పోతుందన్నమాట. ఎనిమిదేళ్ళ బస్సు, గొంతు, రైటక్క అన్న పిలుపు, అన్నీ కలిపి ఆ సగం నిజానికి చెల్లించుకోవాలి. నోటి దాకా వచ్చింది నిజం. పొయ్యి దగ్గర అత్తగారు అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. ఆ వీపు వంక చూసి నోరు మూసుకుంది.

"సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తాను" అంది అంతే.

సోమవారం పొద్దున మొగుడు ముందే గ్యారేజీకి వెళ్ళిపోయాడు. ఆమె యూనిఫారం వేసుకుంది. నడుం దగ్గర వదులైంది, పిన్ను పెట్టుకుంది. తలుపు తీసేసరికి పై మెట్టు మీద అత్తగారు కూర్చుని ఉంది. పక్కన పెద్ద నీళ్ళ సీసా. దారి లేదు.

"లేవండత్తయ్యా. మొదటి ట్రిప్పు నాదే."

"వెళ్ళనిస్తాను. ముందు నా మాట విని వెళ్ళు." ఆవిడ తల తిప్పలేదు. కింద మెట్లకేసే చూస్తూ మాట్లాడింది. "నేను ఇక్కడ పడ్డాను చూడు, ఆ మర్నాటి నుంచి నువ్వు పిలవడం మానేశావు."

కండక్టరమ్మ చెయ్యి గొళ్ళెం మీదే ఉండిపోయింది.

"నాకు తెలియదనుకున్నావా? నిండుగా పెట్టిన గ్లాసు నిండుగానే వెనక్కి తీసింది నేనే కదే. ముప్పై ఏళ్ళు హాస్టల్లో ఏ పిల్ల తిన్నదో ఏ పిల్ల తినలేదో కంచం చూసి చెప్పేదాన్ని. నాకు తెలియకపోవడమేమిటి?"

"అత్తయ్యా..."

"ఉండు. నన్ను చెప్పనీ. తెలిసే ఊరుకున్నాను. పోనీలే, ఈ పూటకు మెట్లు తప్పాయి అనుకున్నాను. రోజూ ఈ పూటకే అనుకున్నాను. నువ్వు డాక్టరమ్మ ముందు నీ మీద వేసుకున్నావు. అప్పుడైనా నోరు తెరవొద్దూ నేను? బతికిపోయాన్రా దేవుడా అనుకుని దాన్నే పట్టుకుని ఊరంతా చాటాను. మొహాన ఒక్కరు కూడా నన్ను అనకూడదని. ఉద్యోగం మింగలేదే నీ బిడ్డని."

కండక్టరమ్మకు ముందు కోపం వచ్చింది. ఒంట్లో ఉన్న కోపమంతా ఒక్కసారి వచ్చింది. తెలిసి, చూసి, గ్లాసు తీసుకెళ్ళిందా ఈ మనిషి? అరవడానికి నోరు తెరిచింది. కాదని చెప్పడానికి కూడా తెరిచింది, ఇదొక్కటే కారణమని చెప్పలేమని డాక్టరమ్మ అందని, తనైనా ఒక్క పిలుపు పిలిచి ఉండొచ్చని. మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలిది, తన కన్నా ఎక్కువ పోగొట్టుకున్నదానిలా వణికిపోతూ కనిపించింది.

ఆమె యూనిఫారంతోనే ఆ ఇరుకు మెట్టు మీద పక్కన కూలబడింది. అత్తగారి భుజం పట్టుకుని, పిల్లాడు పోయిన రోజు నుంచీ రాని ఏడుపు పెద్దగా ఏడ్చింది. ఆ గొంతు ఎలాంటిదో తెలుసు కదా. కింది వాటావాళ్ళు బయటికి వచ్చారు, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి తలలెత్తి చూశారు.

ఆ పొద్దున మొదటి ట్రిప్పుకు డిపోవాళ్ళు వేరే కండక్టర్ని ఎక్కించి పంపారు.